అన్యదేశ్యాల అరలో మేం

గ్రంథాలయంలో అడుగు పెట్టగానే ఒక రిజిస్టరు ముందుకు జరుపుతారు. పేరు, ఊరు, వచ్చిన పని, తారీఖు, సంతకం. మేం పేరు రాస్తుంటేనే ఎదుటి మనిషి తలెత్తి చూస్తాడు. చాలా ఏళ్ల కిందట ఒకచోట, ఏ ఊళ్లోనో ఎందుకు లెండి, తెలుగు శాసనాల సంపుటాలు కావాలని అడిగాం. "ఉర్దూ పుస్తకాలు ఇక్కడ ఉండవు సాయిబూ" అన్నాడాయన. కోపంగా అనలేదు, మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే మాకు ఎక్కువ నొప్పి అయింది. మేమడిగిన పుస్తకం పేరు ఆయన చెవికెక్కలేదు. మా పేరే ఎక్కింది. మాకు ఏ భాష రావాలో, మాకు ఏ చరిత్ర కావాలో ఆయనే తేల్చేశాడు. మా దూదేకులోళ్ల ఇండ్లలో పుట్టినప్పటి నుంచి మాట్లాడేది తెలుగేనని ఆయనకు ఎవరు చెప్పాలి?

ఆ మాట మనసులో పెట్టుకునే మేం కడప ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి పోతుంటాం. బ్రౌన్ 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులను పెట్టుకుని, సొంత డబ్బుతో తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చేయించాడు. ఆయన ఉండిన ఆ చోటనే ఈ గ్రంథాలయం లేచింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు దీనికోసం ఊరూరా తిరిగి చందాలు పోగేశారు. జనం ఆయన్ను 'బ్రౌన్ శాస్త్రి' అనే పిలిచారు. ఆయన 2014లో కన్నుమూశారు. ఈ కేంద్రం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. తాళపత్రాలు, పాత పత్రికలు, నిఘంటువులు, జిల్లా చరిత్రలు ఇక్కడ ఉన్నాయి. కడప గురించి ఏది రాయాలన్నా ఈ బల్లల దగ్గర కూర్చోవలసిందే.

ఇట్లాంటి చోట మొదట ఏ పుస్తకం అడగాలి? మేమైతే బ్రౌన్ నిఘంటువులే అడుగుతాం. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. 1854లో ఇంకొకటి వేశాడు. దాన్ని మిశ్రభాషా నిఘంటువు అంటాం. తెలుగులో వాడుకలో ఉన్న మిశ్రభాషల మాటలకూ, పరాయి మాటలకూ అది వేరే నిఘంటువు. అరబ్బీ, పారశీకం, హిందూస్తానీల నుంచి వచ్చి కచేరీల్లోనూ బజార్లలోనూ నలిగిన మాటలకు అందులో చోటు దొరికింది.

ఇక్కడ బ్రౌన్‌ను తిట్టడం మా ఉద్దేశం కాదు. పండితులు అంటుకోవడానికి ఇష్టపడని మాటలను ఆయన ఏరి దాచాడు. ఆయనకు పారశీకం తెలుసు. మద్రాసు ప్రభుత్వానికి పారశీక అనువాదకుడిగా కూడా పనిచేశాడు. ఆ మాటలు లేకుండా జిల్లాలో ఒక్క అర్జీ కూడా అర్థం కాదని ఆయనకు తెలుసు. అయినా ఆ మాటలు వేరే పుస్తకంలోకి పోయాయి. అక్కడే మా ఆలోచన ఆగుతుంది.

రైతు అనేది అరబ్బీ నుంచి వచ్చిన మాట. జిల్లా, తాలూకా, హాజరు, జవాబు, వకీలు, అసలు, నకలు అన్నీ అట్లా వచ్చినవే. కాగితం, కలం కూడా ఆ దారినే వచ్చాయి. రాయలసీమలో నాగలి పట్టిన మనిషి తన్ను తాను ఏమని చెప్పుకుంటాడు? రైతునని. ఆ మాట తీసేస్తే ఆయనకు ఇంకో పేరు వెతకాలి. గ్రంథాలయం రిజిస్టరులో ఉండే 'తారీఖు' చూడండి. దినమనీ అర్థమే, చరిత్ర అనీ అర్థమే. మా మాటతోనే ఆ రోజు లెక్క రాసుకుని, మమ్మల్ని మాత్రం 'మీరు ఎక్కడినుంచి వచ్చారు' అని అడుగుతారు.

మన వ్యాకరణాలు కూడా ఇదే పని చేశాయి. సంస్కృతం నుంచి వచ్చిన మాట తత్సమం అయింది. పారశీకం నుంచి వచ్చిన మాట అన్యదేశ్యం అయింది. రెండూ బయటినుంచి వచ్చినవే కదా! ఒకదానికి చాప వేశారు, రెండోదాన్ని అరుగు మీదే కూర్చోబెట్టారు. మాటలకు జరిగిందే మనుషులకూ జరిగింది. ఇది మేం కక్షతో చెబుతున్నది కాదు. పుస్తకాల అరలు చూసి చెబుతున్నది.

అరల సంగతే చూద్దాం. చాలా గ్రంథాలయాల్లో పుస్తకాలను డ్యూయీ పద్ధతిలో సర్దుతారు. చరిత్ర 900లలో ఉంటుంది. కట్టడాల కళ 720లలో ఉంటుంది. ఇస్లాం అంటే 297. మా ఊరి దర్గా మీద ఎవరైనా పుస్తకం రాస్తే అది చాలాసార్లు 297లోకి పోతుంది. జిల్లా చరిత్ర చదివే పిల్లోడు ఆ అర దగ్గరికి రాడు. శిల్పకళ చదివే పిల్లకూ అది కనపడదు. మతం పేరున్న అరలో మా ఇల్లు, మా పని, మా ఊరు అన్నీ ముడిపడి కూర్చుంటాయి.

శాసనాలదీ ఇదే కథ. తెలుగు శాసనాల్లో మొదటివిగా చెప్పుకునే కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు మా కడప జిల్లావే. క్రీస్తుశకం 6వ శతాబ్దం నాటివి. అందుకు మాకూ గర్వమే. జిల్లా తెలుగు శాసనాలకు సంపుటాలు ఉన్నాయి. అరబ్బీ, పారశీక శాసనాలను మాత్రం పురావస్తు శాఖ వేరే అనుబంధంగా అచ్చువేస్తూ వచ్చింది. లిపి చదివేవాళ్లు వేరు కాబట్టి అట్లా చేశారు. అందులో కుట్ర లేదు. కాని ఫలితం చూడండి. గండికోటనే తీసుకోండి. ఒకే కోటలో మాధవరాయాలయం, రంగనాథాలయం, జామియా మసీదు మూడూ ఉన్నాయి. గాలికి తలుపులు లేవు, ఒకదాని నీడ ఒకదాని మీద పడుతుంది. మీర్ జుమ్లా ఆ కోటను 1650లో పట్టుకున్నాడు. దాని గురించి చదవాలంటే మాత్రం మూడు చోట్లకు పోవాలి. నేల మీద కలిసి ఉన్నవి కాగితం మీద విడిపోయాయి.

అందుకే మా పిల్లలకు మేం ఒకటే చెబుతాం. గ్రంథాలయంలో ఒక్క పుస్తకం అడిగి లేచి రావద్దు. మూడు పుస్తకాలు ఒకే బల్ల మీద పెట్టండి. ఒకటి దొరల జిల్లా చరిత్ర. గ్రిబుల్ 1875లో రాసిన కడప జిల్లా మాన్యువల్ గాని, బ్రాకెన్‌బరీ 1915లో తెచ్చిన గెజిటీర్ గాని. రెండోది శాసనాలు. మూడోది కైఫీయత్తులు.

కైఫీయత్తు అనేదీ అరబ్బీ మాటే. ఊరి స్థితిగతుల వివరం అని అర్థం. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారపోశాక, కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర, పెద్దల దగ్గర విని, చూసి రాయించుకున్నవి ఇవి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆ పనికి వెన్నెముక. బ్రౌన్ తర్వాత వాటికి నకళ్లు తీయించాడు. కడప జిల్లా కైఫీయత్తులను కట్టా నరసింహులుగారి పరిష్కరణలో బ్రౌన్ కేంద్రమే సంపుటాలుగా అచ్చువేసింది. అంతకుముందు వీటికోసం మద్రాసు పోవలసి వచ్చేది. ఇప్పుడు ఎర్రముక్కపల్లెకు సిటీబస్సు ఎక్కితే చాలు.

ఈ మూడూ కలిపి చదివితే ఏం తెలుస్తుంది? దొరల పుస్తకాల్లో మేం నవాబులం. గోల్కొండ సేనాని నేక్‌నాం ఖాన్, ఆయన పేరుతో ఈ ఊరికి నేక్‌నామాబాద్ అని పేరు. తర్వాత మయానా పఠాన్లు, అబ్దుల్ నబీ ఖాన్. 1779లో హైదరలీ దెబ్బతో ఆ ఇల్లు కూలడం. అంతా కత్తులూ కోటలే. కైఫీయత్తుల్లో ఊరు కనపడుతుంది. చెరువు, గుడి, ఇనాం, ఎవరి కాలంలో ఏ భూమి ఎవరికి పోయింది అన్న లెక్క. అక్కడ నవాబు కూడా ఒక పేరు మాత్రమే.

మరి మా తాతలు? దూది ఏకినవాళ్లు, బండ్లు తోలినవాళ్లు, గోడలు కట్టినవాళ్లు, చర్మం నానబెట్టినవాళ్లు? థర్‌స్టన్ 1909లో వేసిన ఏడు సంపుటాల కులాల పుస్తకంలో దూదేకుల అని ఒక పద్దు ఉంది. ముస్లింలే గాని చుట్టూ ఉన్న హిందువుల ఆచారాలు చాలా పాటిస్తారని అందులో రాశారు. మేం ఏం పాటిస్తామో రాశారు, మేం ఏం అనుకుంటున్నామో అడగలేదు. నవాబు కత్తి మా చేతిలో ఏనాడూ లేదు. అయినా ఆ కత్తి లెక్క ఇప్పటికీ మా దగ్గరే అడుగుతారు.

మమ్మల్ని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఉగాదికి దేవుని కడప వెంకన్న దగ్గరికి ముస్లింలు పోతారని రాస్తారు. ఒంటిమిట్ట కోదండరాముని గుడి దగ్గర ఇమాంబేగ్ బావి గురించి రాస్తారు. బ్రహ్మంగారి శిష్యుడు దూదేకుల సిద్దయ్య గురించి రాస్తారు. అన్నీ నిజమే, అన్నీ మావే. సిద్దయ్య ముడుమాలలో మా ఇంట్లో పుట్టిన బిడ్డే. కాని ఒకటి గమనించండి. తిట్టాలంటే కోట గుమ్మం దగ్గర తిడతారు. మెచ్చుకోవాలంటే గుడి మెట్ల దగ్గర మెచ్చుకుంటారు. మా గుడిసె దగ్గరికి ఎవరూ రారు. మా అవ్వ దూది ఏకుతూ పాడుకున్న పాట ఏ సంపుటంలోనూ లేదు.

ఇందులో మా తప్పు లేదా? ఉంది. పెద్దిండ్లలో సనదులు, దర్గా ఇనాం కాగితాలు, పాత నిఖానామాలు పెట్టెల్లో చెదలు తింటున్నాయి. చదివే కండ్లు లేవు. పారశీకం చదివిన తరం పోయింది. ఉర్దూ చదివేవాళ్లూ తగ్గిపోతున్నారు. ఆ కాగితాలు బయట పెడితే తగాదా వస్తుందని కొందరు, పేదోళ్ల పేర్లు అందులో ఎందుకని కొందరు దాచుకున్నారు. అష్రాఫులు మమ్మల్ని తమ చరిత్రలో కలుపుకోలేదు. బయటివాళ్లు కలిపి తిట్టారు.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా వీధుల్లో ఒకటే ఆత్రం. తాత పుట్టిన కాగితం ఉందా, ఇంటి పట్టా ఉందా, బడి సర్టిఫికెట్టులో పేరు సరిగ్గా ఉందా? అప్పుడు చాలామందికి మొదటిసారి తెలిసింది, కాగితం లేనివాడికి తారీఖు లేదని. చరిత్ర అంటే పండితుల పని అనుకున్నవాళ్లం, అది మా గడప కాపు అని ఆనాడు తెలుసుకున్నాం.

రాయడం మొదలైంది. 1998లో 'జల్జలా' కవితలు వచ్చాయి. కడప జిల్లా నుంచి వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. కథా కవితా మా బతుకును చెప్పాయి. చరిత్ర పని ఇంకా మిగిలే ఉంది. దానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న పాత కాగితానికి ఒక నకలు తీయించి గ్రంథాలయంలో ఇవ్వాలి. అవ్వతాతలు చెప్పిన వలసల కథ, పనుల పేర్లు, పీర్ల చావడి సంగతులు రాసి తారీఖు వేసి పెట్టాలి. కైఫీయత్తులు అట్లా రాసినవే కదా! అప్పుడు మెకంజీ మనుషులు వచ్చి రాసుకున్నారు. ఇప్పుడు ఎవరూ రారు. మేమే రాయాలి.

ఎర్రముక్కపల్లెకు మా పిల్లల్ని పంపుతున్నాం. రిజిస్టరులో పేరు పూర్తిగా రాయమని చెప్పాం. వచ్చిన పని అన్న చోట 'మా ఊరి చరిత్ర' అని రాయమన్నాం. ముస్లింల చరిత్ర అని కాదు, మా ఊరి చరిత్ర అని.