మామూలు ప్రకారం

అలవాటును చెప్పడానికి ఫ్రెంచి భాషలో పాతకాలపు మాటలకు కొదవలేదు. ఫ్లోబేర్ 1857లో 'మదామ్ బొవారీ' అచ్చువేసినప్పుడు, పేరు కింద అలాంటి మాటే ఒకటి తగిలించాడు: రాజధానికి ఎడంగా ఉన్న ఊళ్ల 'మర్స్' అని. నడతా, అలవాటూ, లోకరీతీ మూడూ అందులో ఇమిడి ఉన్నాయి కాబట్టి అనువాదకులకు అది ఓ పట్టాన లొంగదు. నవలలో మాట సరిగ్గా కుదరకపోతే కథ రుచి కాస్త తగ్గుతుంది, అంతే. కానీ అదే కోవకు చెందిన మాట చట్టంలోకి ఎక్కి, గౌతమీ గోదావరి ఒడ్డున ఆడపిల్లల బతుకుల మీదికి వచ్చింది.

ఊరు యానాం. ఫరంపేట, మెట్టకూరు, కనకాలపేట లాంటి పల్లెలన్నీ కలిపినా 30 చదరపు కిలోమీటర్లే. చుట్టూ ఇంగ్లీషువాళ్ల ఏలుబడి, నడుమ ఫ్రెంచి జెండా.

1819 జనవరి 6న, యానాన్ని కూడా ఏలుతున్న పుదుచ్చేరిలోని ఫ్రెంచి ప్రభుత్వం ఒక ఉత్తర్వు వేసింది. హిందువులైనా, ముస్లిములైనా, క్రైస్తవులైనా భారతీయుల వ్యాజ్యాలను మునుపటిలాగే వారి వారి కులాల చట్టాలు, వాడుకలు, ఆచారాల ప్రకారమే తీరుస్తామని అందులో మాట ఇచ్చింది. అరబ్బీ నుంచి మన నోటికి చేరిన 'మామూలు'ను ఇక్కడి ఫ్రెంచివాళ్లూ తమ రాతల్లోకి తీసుకున్నారు. ఏది మామూలో తేల్చడానికి 1827లో దేశీయ పెద్దలతో ఒక సలహా సంఘం కూడా ఏర్పడింది. పరాయి రాజు మన పద్ధతుల జోలికి రాననడం చిన్న విషయం కాదు. అయితే మామూలు ఏమిటో చెప్పే చోట ఆడవాళ్లను అడిగే కాలం కాదది.

మగవాళ్లకు కూడా ఆ మాట ఒక్కోసారి కాళ్లకు అడ్డం పడింది. అక్షరాలా కాళ్లకే. 1873లో పొన్నుతంబి అనే తమిళ న్యాయవాది యూరోపియన్ల తరహాలో బూట్లు తొడుక్కుని పుదుచ్చేరి కోర్టుకు వెళ్లాడు. దేశీయులు అలా రావడం ఆచారం కాదని న్యాయాధిపతి ఒప్పుకోలేదు. పొన్నుతంబి ఊరుకోలేదు. ప్యారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి నెగ్గాడు. 1881 సెప్టెంబరు 21న వచ్చిన ఉత్తర్వుతో, కావాలనుకున్నవాళ్లు కులాచార ధర్మాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వెళ్లే వీలు కలిగింది. అలా సంతకం చేసినవాళ్లను 'రెనోన్సాలు' అన్నారు. వాళ్లు ఇంటిపేరు కూడా కొత్తగా పెట్టుకోవాలి. పొన్నుతంబి 'లా పోర్త్' అని, అంటే 'ద్వారం' అని పెట్టుకున్నాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

ఆ ఉత్తర్వు వచ్చి మూడు నెలలైనా తిరక్కుండా, డిసెంబరు 11న, అదే గోదావరికి ఎగువన రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయనా మామూలుతోనే తలపడ్డారు.

1930 ఏప్రిల్ 1న బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేస్తే నెల జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆ రోజుల్లో వెయ్యి అంటే ఇల్లు గుల్లే. కానీ కాకినాడకు 30 కిలోమీటర్లలోపే ఉన్న యానాంలో ఆ చట్టం చెల్లదు. అక్కడ 1819 నాటి మాటే నడుస్తోంది, పెళ్లీడు కులాచారాన్ని బట్టే. ఇరుగు పొరుగు జిల్లాల పెళ్లివారు చిన్నపిల్లలను వెంటబెట్టుకుని పొలిమేర దాటారు. యానానికి 'కల్యాణపురం' అన్న పేరు పడింది అందుకే. ఆ పేరు వినడానికి ముచ్చటగానే ఉంటుంది. పెళ్లిపీట మీద కూర్చోబెట్టిన పసిదాని వైపు నుంచి చూస్తే మాత్రం మనసొప్పదు. కులాన్ని గౌరవిస్తామన్న వాగ్దానం ఆ పిల్లకు అందాల్సిన రక్షణను అడ్డుకుంది.

1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధమైంది. ఆ మరుసటి ఏడు అక్టోబరు 1 నుంచి హిందూ వివాహ చట్టం యానాం సహా పుదుచ్చేరి ప్రాంతమంతటా అమలైంది. అప్పుడే ఆ చట్టంలో ఒక చిన్న నిబంధన చేర్చారు: రెనోన్సాలకు ఇది వర్తించదని. 1881 ఉత్తర్వు కింద కులాచారాన్ని కాదని సంతకం పెట్టినవాళ్ల వంశాలకు అక్కడ ఫ్రెంచి సివిల్ కోడే ధర్మశాస్త్రంగా మిగిలింది.