కోలుకోని వారికి కసరత్తు

దక్షిణ లండన్‌లోని సిడెనమ్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పీస్ ఉంది. ఇక నయం కాదని తేలిన రోగులను చూసుకునే చోటు. అందులో ఒక జిమ్ కూడా ఉంది! క్యాన్సర్ ముదిరినవాళ్ళు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళు అక్కడ ఫిజియోథెరపిస్టు దగ్గరుండి చెబుతుంటే తమకు చేతనైనంత కసరత్తు చేస్తారు. పోయే ప్రాణానికి ఈ హింసేమిటని మనవాళ్ళకు అనిపించడం సహజం. వైద్యులకూ చాలాకాలం అలాగే అనిపించింది.

దానికి కారణం ఇలా కసరత్తు చేయించే పునరావాస వైద్యం పుట్టుకలోనే ఉంది. అది యుద్ధాల బిడ్డ. కాళ్ళూ చేతులూ పోయిన సైనికులను తిరిగి పనిలోకి పంపడానికి అమెరికాలో హోవర్డ్ రస్క్ లాంటివాళ్ళు రెండో ప్రపంచ యుద్ధకాలంలో దానికి ఒక రూపం ఇచ్చారు. రోగి ఎంత కోలుకున్నాడు, ఉద్యోగానికి వెళ్ళాడా లేదా అన్నదే కొలబద్ద. ఆ లెక్కన చూస్తే రోజురోజుకీ క్షీణించే మనిషి దగ్గర థెరపిస్టుకు పనే లేదు.

దారి తెరుచుకున్నది మరోవైపు నుంచి. సిసిలీ సాండర్స్ మొదట నర్సు. వెన్నునొప్పి వల్ల ఆ పని వదిలేసి ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌గా చేరి, ఆ తర్వాత చదువుకుని 1957లో డాక్టరైంది. మరుసటి ఏడాది నుంచి లండన్‌లోనే హాక్నీలో ఉన్న సెయింట్ జోసెఫ్స్ హాస్పీస్‌లో పనిచేసింది. అప్పటిదాకా ఆసుపత్రుల్లో రోగి నొప్పితో మూలిగితేనే మార్ఫిన్ ఇంజక్షన్ ఇచ్చేవారు. దాంతో అతను నొప్పితో అల్లాడుతూ అయినా ఉండేవాడు, మగతలో అయినా ఉండేవాడు. సాండర్స్ గడియారం చూసి, నొప్పి తిరిగి రాకముందే, నాలుగు గంటలకోసారి నోటి ద్వారా మందు ఇప్పించింది. నొప్పి అదుపులో ఉంది, తెలివీ ఉంది. 1967లో ఆమె తెరిచిన సెయింట్ క్రిస్టోఫర్స్‌కు పునాది ఈ అనుభవమే.

నొప్పి లేకుండా మెలకువగా ఉన్న మనిషి ఊరికే పడుకోడు. కాసేపు కూర్చుంటానంటాడు, బాత్రూముకు తనే వెళ్తానంటాడు. ఆ కోరికలు తీర్చడానికి మందులు చాలవు. నా ఉద్దేశంలో హాస్పీస్ తలుపు దగ్గరకు థెరపిస్టును తీసుకొచ్చింది వేళకు ఇచ్చిన ఆ మార్ఫినే.

అటు న్యూయార్క్‌లో హెర్బర్ట్ డీట్జ్ అనే వైద్యుడు 1969 నుంచి క్యాన్సర్ రోగుల పునరావాసం గురించి రాస్తూ వచ్చాడు. ఆయన ఈ పనిని నాలుగు రకాలుగా విడదీశాడు. నష్టం జరగకుండా చూడటం, పోయిన శక్తిని తిరిగి తేవడం, లోపంతోనే బతకడానికి ఆసరా ఇవ్వడం మొదటి మూడు. నాలుగోది ఉపశమనం: జబ్బు పెరుగుతూనే ఉన్నా మనిషి హాయిగా, వీలైనంతవరకు ఎవరి మీదా ఆధారపడకుండా ఉండేలా చూడటం. ఈ నాలుగో గడితో కొలబద్దే మారిపోయింది.

1975లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో సెయింట్ లూక్స్ హాస్పీస్‌లో పగటిపూట మాత్రమే రోగులు వచ్చి వెళ్ళే పద్ధతి మొదలైంది. అమెరికాలో 1982 నాటి చట్టంతో హాస్పీస్‌కు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వర్తించింది. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ అందుబాటులో ఉండాలన్నది అందులో నియమం. బాధలను అదుపు చేయడానికో, రోజువారీ పనులు చేసుకోగలిగే శక్తి నిలవడానికో వాటిని వాడవచ్చు. మిగతా రోగుల విషయంలో మాత్రం 'మెరుగుపడే ఆశ లేదు' అని థెరపీ బిల్లులు తిప్పికొట్టే అలవాటు కొనసాగింది. మెడికేర్ మీద రోగులు వేసిన జిమ్మో కేసులో 2013లో రాజీ కుదిరాక గానీ, మెరుగుపడటం షరతు కాదని స్పష్టం కాలేదు. ముప్పై ఏళ్ళ ముందే ఆ షరతు వదిలేసిన ఘనత హాస్పీస్‌దే. అయితే ఇక్కడా ఒక చిక్కుంది. రోజుకింత అని హాస్పీస్‌కు వచ్చే సొమ్ములోంచే థెరపిస్టు ఖర్చు పెట్టాలి. అందువల్ల చాలాచోట్ల ఆ పిలుపు ఆలస్యంగా వస్తుంది, లేదా రానే రాదు.

ఇంతకీ థెరపిస్టు చేసేదేమిటి? ఆయాసాన్నే తీసుకుందాం. బల్ల మీద మోచేతులు ఆనించి ముందుకు వంగి కూర్చోబెడతారు. ఊపిరి వదలడం నిదానంగా, తీసుకోవడం కంటే ఎక్కువసేపు సాగేలా నేర్పుతారు. చేతిలో పట్టే చిన్న బ్యాటరీ ఫ్యాన్‌ను ముఖానికి జానెడు దూరంలో పెట్టి ముక్కు, పెదాల మీదికి గాలి తగిలేలా తిప్పుతారు. ఇది కంటితుడుపు కాదు. కేంబ్రిడ్జ్ వైద్య బృందం 50 మందికి ఒకసారి ముఖానికి, ఒకసారి కాళ్ళకు ఐదేసి నిమిషాలు గాలి పట్టించి చూసింది. ముఖానికి పట్టినప్పుడే ఆయాసం తగ్గిందని 2010లో ప్రకటించింది. ముఖం మీది నరాలకు చల్లగాలి తగలడమే కారణమని వాళ్ళ అంచనా.

ఇంటికి వచ్చే థెరపిస్టు మొదట అడిగేది "మీ అంతట మీరు ఏ పని చేసుకోవాలనుందమ్మా?" అని. స్నానం అంటే బాత్రూములో ప్లాస్టిక్ కుర్చీ వేయిస్తారు. నేల దొడ్డి అయితే కమోడ్ కుర్చీ చూపిస్తారు. రోగిని చంకల్లో చేతులు వేసి లాగకుండా, నడుముకు బెల్టు కట్టి లేపడం కొడుక్కో కోడలికో నేర్పుతారు. క్యాన్సర్ ఎముకలకు పాకి ఉంటే ముందు ఎక్స్‌రేలు చూడందే అడుగు వేయించరు. పెళుసుబారిన తొడ ఎముక ఒక్క తప్పటడుగుతో విరగవచ్చు. మింగడం కష్టమైతే స్పీచ్ థెరపిస్టు పలుచటి ద్రవాలను చిక్కగా చేయిస్తారు, కూర్చునే తీరు మారుస్తారు. ఈ నెల వాకర్‌తో నడిచిన మనిషి వచ్చే నెల మంచం అంచున కూర్చోగలిగితే చాలనుకోవచ్చు. లక్ష్యం కిందికి దిగుతూ పోతుంది. దాన్ని ఓటమిగా లెక్కించకపోవడమే ఈ వృత్తిలో కష్టమైన విద్య.

2015లో బ్రిటన్ హాస్పీస్‌ల సంస్థ హాస్పీస్ యూకే ప్రచురించిన పత్రంలో రెబెకా టిబెరినీ, హెదర్ రిచర్డ్‌సన్ మరో అడుగు ముందుకేశారు. ఈ దృష్టి థెరపిస్టులకే పరిమితం కాకుండా నర్సు నుంచి వాలంటీరు దాకా అందరిలో ఉండాలన్నారు. అన్నీ మనమే చేసిపెట్టడం ప్రేమే, కానీ దానివల్ల మనిషి త్వరగా మంచాన పడతాడు. అన్నం కలిపి నోట్లో పెట్టేదాకా ఊరుకోని మన ఇళ్ళకు ఈ మాట మరీ వర్తిస్తుంది.

మన దగ్గర హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స (పాలియేటివ్ కేర్) విభాగం ఉంది. 2011 నుంచి స్పర్శ్ హాస్పీస్ నడుస్తోంది. "ఇక ఇంటికి తీసుకెళ్ళండి" అని డాక్టరు చెప్పిన రోజు నొప్పి మందుల చీటీతో సరిపెట్టుకోకండి. ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు ఉన్నారేమో, లేపే పద్ధతి, పక్క మార్చే పద్ధతి ఎవరు నేర్పుతారో అక్కడే అడగండి.