మగ్దలేనే మరియ మీద ఆ ముద్ర ఎవరు వేశారు?

మా హాస్టల్లో చాలామందిమి మగ్దలేనే మరియ అంటే వేశ్య అనే అనుకునేవాళ్లం. బైబిల్ తీసి చూస్తే ఆ మాట ఎక్కడా లేదు. లూకా 7లో కన్నీళ్లతో యేసు పాదాలు తడిపిన స్త్రీకి అసలు పేరే లేదు. 591లో పోప్ మొదటి గ్రెగొరీ ఒక ప్రసంగంలో ఆమెనూ, మగ్దలేనే మరియనూ, బేతనియ మరియనూ కలిపి ఒక్కర్ని చేసేశాడు.

రినైజాన్స్ కళాకారులకు ఈ కలిపిన మరియే అందింది. ఫ్లోరెన్స్‌లో దొనాతెల్లో చెక్కలో చెక్కిన మరియ ఎముకలు తేలి, బుగ్గలు పీక్కుపోయి ఉంటుంది, ఒంటికి జుట్టే బట్ట. 1530ల్లో టిషియన్ గీసిన మరియ కూడా పశ్చాత్తాపంతో పైకి చూస్తూనే ఉంటుంది, కానీ ఆ పొడుగు జుట్టు కప్పాల్సింది కప్పదు. పక్కన అత్తరు బుడ్డి, దానిమీద టిషియన్ తన పేరు రాసుకున్నాడు. ఏడ్చే ఆడమనిషిని కూడా కళ్లపండుగ కోసమే గీశాడని మాకనిపించింది.

యోహాను 20లో తిరిగి లేచిన యేసును మొదట చూసింది, ఆ కబురు శిష్యులకు చెప్పింది ఈమే. ఫ్రా ఆంజెలికో లాంటివాళ్లు ఆ ఘట్టమూ గీశారు. అయినా జనం నోట్లో నిలిచింది పాపమే. మనవాళ్ల గురించి బయటోళ్లు రాసిపెట్టినవి చదివినోళ్లం, మాకిది కొత్తేం కాదు. 1969లో కాథలిక్ చర్చి తన క్యాలెండర్ సవరించినప్పుడు ఆ కలగలుపు తీసేసింది. 1378 ఏళ్లు పట్టింది.