పనిదినాల లెక్కలో ప్రసూతి హక్కు: పాక్షికకాల శ్రామిక స్త్రీల దృష్ట్యా చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కాన్పు కారణంగా కూలి కోల్పోయే స్త్రీకి ఆర్థిక రక్షణ కల్పించే చట్టాలు భారతదేశంలో 1929 నుంచి ఉన్నాయి. రోజులో కొన్ని గంటలో, వారంలో కొన్ని రోజులో పనిచేసే అల్పాదాయ స్త్రీలకు ఆ రక్షణ ఎంతవరకు వర్తించిందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. చట్టాలు విధించిన పనిదినాల నిబంధనను, ఆ తరువాత వచ్చిన నగదు పథకాల స్వభావాన్ని ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: ప్రసూతి ప్రయోజనం, పాక్షికకాల శ్రమ, పనిదినాలు, బీడీ కార్మికులు, నగదు పథకాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట తొలికాన్పు పుట్టింట జరగడం ఆనవాయితీ. పురుటి ఖర్చు, బాలింత పథ్యం పుట్టింటివారి బాధ్యతగా సాగాయి. ఆ ఏర్పాటు ఖర్చును పంచుకుంది గాని, స్త్రీ కోల్పోయిన కూలిని లెక్కలోకి తీసుకోలేదు.

నేటి వాడుకలోని రెండు పదబంధాలు ఈ అంశానికి దారి చూపుతాయి. ‘ప్రసూతి సెలవు’ అన్నప్పుడు స్థిరమైన ఉద్యోగం, హాజరుపట్టీ, జీతం ముందే ఉన్నాయని అర్థం. ‘ప్రసూతి సహాయం’ అన్నప్పుడు ఇచ్చేవారి ఔదార్యం ధ్వనిస్తుంది. నాలుగిళ్లలో పాచిపని చేసే స్త్రీకి మొదటిది వర్తించదు. రెండవది ఆమె కూలికి సమానం కాదు. ఈ రెండింటి నడుమ ఏర్పడిన ఖాళీకి చారిత్రక కారణాలున్నాయి.

2. తొలి చట్టాలు

1919లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభ ప్రసూతి రక్షణపై ఒడంబడికను ఆమోదించింది. 1924లో ఎన్.ఎం. జోషీ కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిన ప్రసూతి బిల్లు చట్టం కాలేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఇటువంటి బిల్లును సమర్థిస్తూ ప్రసంగించిన బి.ఆర్. అంబేద్కర్, తల్లికి విశ్రాంతి లభించడం జాతి ప్రయోజనమని వాదించారు. ఈ భారాన్ని ప్రధానంగా ప్రభుత్వమే మోయవలసి ఉన్నదని అంగీకరిస్తూనే, స్త్రీల శ్రమవల్ల లాభం పొందే యజమాని కూడా బాధ్యుడేనని ఆయన నిరూపించదలిచారు. వ్యయం ఎవరిదన్న ఈ ప్రశ్న నేటికీ పరిష్కారం కాలేదు.

1929లో బొంబాయి చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అంతర్భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రం 1934లో తన చట్టాన్ని చేసుకుంది. 1941లో గనుల్లో పనిచేసే స్త్రీలకు ప్రత్యేక చట్టం ఏర్పడింది. ఇవన్నీ కర్మాగారాన్ని, గనిని దృష్టిలో ఉంచుకున్నవి. నాట్లు వేసే, కలుపు తీసే కూలీస్త్రీలు వీటి పరిధిలోకి రాలేదు.

3. నూట అరవై నుంచి ఎనభైకి

1961 ప్రసూతి ప్రయోజన చట్టం వ్యయాన్ని యజమానిపై ఉంచింది. ప్రయోజనం పొందాలంటే కాన్పుకు ముందు 12 నెలల్లో ఆ యజమాని వద్ద కనీసం 160 రోజులు పనిచేసి ఉండాలన్నది నిబంధన. 1988 సవరణ దీనిని 80 రోజులకు తగ్గించింది. పదిమంది లేదా అంతకుమించి పనివారున్న దుకాణాలకూ చట్టాన్ని విస్తరించింది.

ఈ మార్పు పాక్షికకాల శ్రామికురాలికి ఎంత కీలకమో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒకే సంస్థలో వారానికి రెండు రోజులు పనిచేసే స్త్రీకి ఏడాదికి 104 పనిదినాలు వస్తాయి. పాత నిబంధన కింద ఆమె అనర్హురాలు. సవరణ తరువాత అర్హురాలు. కాని మూడు సంస్థల్లో వారానికి ఒక్కొక్క రోజు చొప్పున పనిచేసే స్త్రీకి మొత్తం 156 రోజులున్నా, ఏ సంస్థలోనూ 52కు మించవు. ఎక్కువ శ్రమించిన స్త్రీకే హక్కు లేకుండా పోతుంది. పనిగంటలు తక్కువ కావడం కంటే, యజమానులు పలువురు కావడమే ఇక్కడ అసలు అడ్డంకి. ఇంటిపనివారి విషయంలో చిక్కు మరింత జటిలం: చట్టం దృష్టిలో ఇల్లు సంస్థే కాదు.

4. ఇంటి దగ్గరి పని, దినకూలి

ఇందుకు భిన్నమైన ఉదాహరణ బీడీ పరిశ్రమలో కనిపిస్తుంది. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో స్త్రీలు ఇంటిపనుల మధ్యనే బీడీలు చుడతారు. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటివద్ద పనిచేసేవారిని కూడా కార్మికులుగా నిర్వచించి, కొన్ని మార్పులతో ప్రసూతి చట్టాన్ని వారికి వర్తింపజేసింది. అయితే హక్కు రుజువు కావాలంటే పని నమోదు కావాలి. ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే మధ్యవర్తి పుస్తకంలో పేరు లేని స్త్రీకి చట్టం ఉన్నా లేనట్టే.

దినకూలి విషయంలో సుప్రీంకోర్టు 2000 మార్చి 8న కీలకమైన తీర్పునిచ్చింది. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్‌పై పనిచేసే స్త్రీలు క్రమబద్ధ ఉద్యోగులు కాకపోయినా ప్రసూతి ప్రయోజనానికి అర్హులేనని స్పష్టం చేసింది. నియామక స్వభావం హక్కును నిర్ణయించజాలదన్నది ఈ తీర్పు సారం.

5. కూలి నుంచి ప్రోత్సాహకానికి

యజమాని స్పష్టంగా లేనిచోట ప్రభుత్వమే నగదు ఇచ్చే మార్గం వేరుగా వికసించింది. తమిళనాడులో ముత్తులక్ష్మి రెడ్డి పేరిట 1987లో పథకం మొదలైంది. 1995లో జాతీయ ప్రసూతి ప్రయోజన పథకం 300 రూపాయలతో ఆరంభమైంది. 2005లో దాని స్థానంలో వచ్చిన జననీ సురక్ష యోజన నగదును ఆసుపత్రి కాన్పుతో ముడిపెట్టింది. ఉద్దేశం మాతృమరణాల నివారణ. కూలి నష్టం వెనక్కు జరిగింది.

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి ప్రయోజనాన్ని హక్కుగా ప్రకటించింది. 2017 నుంచి అమలైన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి బిడ్డకు 5,000 రూపాయలుగా నిర్ణయించి, దానిని కూలి నష్టానికి పాక్షిక పరిహారంగా పేర్కొన్నది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం కేసీఆర్ కిట్ పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పులకు 12,000 రూపాయలు, ఆడపిల్ల పుడితే 13,000 రూపాయలు ప్రకటించింది.

రోజుకూలి 300 రూపాయలనుకుంటే 5,000 రూపాయలు 17 రోజుల కూలికి కూడా చాలవు. అదే 2017లో సవరించిన ప్రసూతి చట్టం అర్హులైన ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల వేతనంతో కూడిన సెలవునిచ్చింది. ఒకే ఏడాది ఒక స్త్రీకి 182 రోజులు, మరొక స్త్రీకి 17 రోజులకు లోపు. రెండవ కాన్పులో కూలి నష్టం తగ్గదు. అయినా 5,000 రూపాయల పథకం మొదటి బిడ్డతో ఆగింది. 2022లో రెండవ బిడ్డ ఆడపిల్ల అయితేనే వర్తించేలా విస్తరించారు.

6. రోజులను కలిపే నమూనా

పలువురు యజమానుల సమస్యకు భారతీయ చట్టంలోనే ఒక సమాధానం ఉంది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం గడచిన 12 నెలల్లో 90 రోజుల నిర్మాణపనిని నమోదుకు అర్హతగా పెట్టింది. ఆ రోజులు ఒకే యజమాని వద్ద గడవాలని కోరలేదు. నిర్మాణ వ్యయంపై వసూలుచేసే సెస్సుతో నిధి ఏర్పడుతుంది; అందులోనుంచి ప్రసూతి ప్రయోజనం చెల్లించే అధికారం సంక్షేమ బోర్డుకు ఉంది. 1928లో అంబేద్కర్ లేవనెత్తిన బాధ్యతా విభజనకు ఇది ఒక ఆచరణరూపం.

2020 సామాజిక భద్రతా స్మృతి ఈ నమూనాను అందరికీ విస్తరించలేదు. 80 రోజుల నిబంధనను కొనసాగించి, అసంఘటిత, గిగ్ కార్మికుల ప్రసూతి ప్రయోజనాన్ని పథకాలకు విడిచిపెట్టింది.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ప్రసూతి చట్టాలు పాక్షికకాల శ్రమను పేరుపెట్టి నిరాకరించలేదు. ఒకే యజమాని, కనీస పనిదినాలు అనే రెండు షరతుల ద్వారా ఆ శ్రామికురాలు వెలుపల ఉండిపోయింది.

2. నగదు పథకాలు ఆమెను చేరదీసినా, కూలి కోల్పోయిన శ్రామికురాలిగా కంటే పేద తల్లిగానే గుర్తించాయి.

3. పనిదినాలను యజమాని పుస్తకంలో కాక శ్రామికురాలి పేరుమీద కూడబెట్టే పద్ధతి నిర్మాణరంగంలో ఇప్పటికే ఉంది. ఇంటిపనికి, బీడీపనికి దానిని విస్తరించినప్పుడు ఆమె కోరేది సహాయం కాదు, చేసిన పనికి దక్కవలసిన హక్కు అవుతుంది.