పన్నెండో మెట్టే మొదటిది

మద్యవ్యసనం నుంచి కోలుకోవడానికి అనేక దేశాల్లో అనుసరిస్తున్న పన్నెండు మెట్ల పద్ధతి ఏ వైద్య కళాశాలలోనూ రూపుదిద్దుకున్నది కాదు. 1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఏక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుడు బాధితుల మధ్య సాగిన సంభాషణే దానికి మూలం. న్యూయార్క్ షేర్ల వ్యాపారి బిల్ విల్సన్ అప్పటికి ఐదు నెలలుగా మద్యం ముట్టకపోయినా, ఏక్రన్‌లో తలపెట్టిన వ్యవహారం బెడిసికొట్టి మేఫ్లవర్ హోటల్లో ఒంటరిగా మిగిలినప్పుడు, మనసు బార్ వైపు లాగుతుండగా, తనలాంటి మరొకరితో మాట్లాడితే తప్ప నిలవలేనని గ్రహించి, స్థానిక చర్చి మతాధికారికి ఫోన్ చేశారు. అలా ఒకరి ద్వారా ఒకరిని కనుక్కుంటూ పోగా, మే 12న ఆయనకు శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్ పరిచయమయ్యారు. పావుగంటకు మించి ఉండనన్న షరతు మీద వచ్చిన స్మిత్ రాత్రి పదకొండు దాటేదాకా కదలలేదు. తాగుడు గురించి చెప్పేవారు ఆయనకు కొత్త కాదు గానీ, దాన్ని అనుభవించి చెప్పే మనిషి మాత్రం కొత్త. ఆ కలయిక తర్వాత మద్యం మానిన స్మిత్ మధ్యలో ఒకసారి జారినా, ఆయన చివరిసారి తాగినట్టు చెప్పే జూన్ 10నే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’, అంటే పేరు బయటపెట్టుకోని మద్యవ్యసనపరుల సంఘం, తన పుట్టినరోజుగా పాటిస్తుంది.

ఈ అనుభవసారాన్ని 1939లో వెలువడిన సంఘ గ్రంథం పన్నెండు మెట్లుగా కూర్చింది. మద్యం ముందు తన బలం చాలదని ఒప్పుకోవడం మొదటిది. ఎక్కువ మందికి కష్టమనిపించేవి మాత్రం మధ్యనున్నవే: తన తప్పొప్పుల చిట్టా నిర్భయంగా రాసుకుని, దాన్ని మరో మనిషి ఎదుట చదివి, తన వల్ల నష్టపోయినవారి జాబితా వేసుకుని, వారికి కొత్త హాని కలగనంత మేరకు నేరుగా పరిహారం చేసుకోవాలి. స్పాన్సర్ అని పిలిచే, ముందే ఈ దారి నడిచిన సభ్యుడు ఇందులో తోడుంటాడు. నాస్తికులైన తొలి సభ్యులు పట్టుబట్టడం వల్లనే ఈ మెట్లలో వచ్చే దేవుడనే మాటకు ‘మేము అర్థం చేసుకున్న రీతిలో’ అన్న విశేషణం చేరింది. ఆ సవరణ లేకుంటే ఇది ఒక మతశాఖగా మిగిలిపోయేదేమో. ఇంకా తాగుతున్నవారికి ఈ మార్గాన్ని అందించాలనే పన్నెండో మెట్టు వరుసలో చివరిదైనా, హోటల్లో విల్సన్ చేసిన పని అదే కనుక, చరిత్రలో అదే మొదటిది.

27 అధ్యయనాలను పరిశీలించిన, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష, పూర్తిగా మానేసి ఆ స్థితిని నిలుపుకోవడంలో, ఈ మార్గంలోకి క్రమపద్ధతిలో ప్రవేశపెట్టే చికిత్సలు ఇతర మానసిక చికిత్సల కన్నా మెరుగైన ఫలితమిచ్చాయని తేల్చింది. అయితే ఏళ్ల తరబడి తాగినవారు హఠాత్తుగా మానితే మూర్ఛలు, ప్రాణాపాయం కలగవచ్చు కాబట్టి వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. సంఘం ఆసుపత్రికి బదులు కాదు. ఆ సంగతి వైద్యుడైన స్మిత్‌కు తెలుసు. అందుకే 1939 నుంచి ఏక్రన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా అనే క్రైస్తవ సన్యాసినితో కలిసి ఆయన వేలాదిమంది వ్యసనపరులకు రుసుము తీసుకోకుండా చికిత్స చేశారు. 1950 నవంబరు 16న మరణించేనాటికి ఆయన మద్యం మాని పదిహేనేళ్లు దాటింది.