కోడి తురాయిపై తెల్లని పొర

కోడికి అందమిచ్చునది ఎఱ్ఱని తురాయి. ఒక్కొక్కప్పుడు దానిపై పిండి చల్లినట్లు తెల్లని మచ్చలు పుట్టి, కలిసి, పొరగా పేరుకొనును. వ్యాధి ముదిరినచో మెడకు ప్రాకును, ఈకలు రాలును, చర్మముపై గుంటలుగల పెచ్చులు కట్టును. మనుష్యుల తలపై ఇట్టి పెచ్చులు కట్టు వ్యాధిని ఐరోపా వైద్యులు ‘ఫేవస్’ అనిరి. లాటిన్ భాషలో ఆ మాటకు తేనెపట్టు అని యర్థము. కోళ్ల వ్యాధికిని ఆ పేరే నిలిచినది. ఇది శిలీంధ్రము, అనగా బూజుజాతి జీవి, చేయు పని.

ఈ మాట నేడు మనకు వింతగా తోచదు. కాని పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున వైద్యులు పలువురు దేహములోని దోషములే చర్మముపైకి వచ్చునని తలంచుచుండిరి. 1835లో ఇటలీ దేశస్థుడు అగొస్తీనో బస్సీ పట్టుపురుగుల తెగులునకు శిలీంధ్రము కారణమని చాటెను. 1839లో షోన్‌లైన్ మనుష్యుల ఫేవస్ పెచ్చులలో అట్టి జీవినే గాంచెను. 1841లో పారిస్ నగరమున గ్రూబీ అది అంటువ్యాధియని నిరూపించెను. మఱుసటియేడు బెర్లిన్‌లో రెమాక్ ఆ పెచ్చును తన ముంజేతికే అంటించుకొని వ్యాధి తెచ్చుకొనెను.

కోడి వంతు 1881లో వచ్చినది. ఫ్రెంచి పశువైద్యుడు మెన్యాన్ కోళ్లపైని శిలీంధ్రమునకు ‘ఎపిడెర్మోఫైటన్ గాలినే’ అని పేరిడెను. 1899లో మాట్రుషో, దసోన్‌వీల్ అను నిరువురు దానిని ‘లోఫోఫైటన్’ అనిరి. గ్రీకు భాషలో ‘లోఫోస్’ అనగా తురాయి, ‘ఫైటన్’ అనగా మొక్క. పిమ్మట అది ‘అకోరియన్’, ‘మైక్రోస్పోరమ్’, ‘ట్రైకోఫైటన్’ అను ప్రజాతులలోనికి ఒకదాని వెంట నొకటిగా మాఱినది. తుదకు 2017లో శాస్త్రజ్ఞులు జన్యుపదార్థమును పోల్చి చూచి, ‘తురాయి మొక్క’ అను ఆ పాతపేరునే తిరిగి యిచ్చిరి.

పేరు ఎన్నిమార్లు మాఱినను, గ్రూబీ చూపిన సత్యము మాఱలేదు. రోగము అంటునది. కోడినుండి రాలిన పొట్టు దానిని పొరుగుకోడికి చేర్చును. అరుదుగా మనుష్యులకును సోకును. కావున తెల్లపొర కనిపించిన కోడిని వేఱుచేసి, గూడు శుభ్రపఱచి, చేతులు కడుగుకొని, పశువైద్యునికి చూపుట మన విధి. ఒకప్పుడు రక్తదోషమని ఊరకుండిన చోట నేడు మిగిలిన కోళ్లను కాపాడుకొనగలుగుచున్నాము. ఆ పరిశోధకుల శ్రమ మనకిచ్చిన ఫలమిదియే.