నెలలు నిండని కొలువులు

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు తేలింది నెల్లూరులోనే, 2020 మార్చి 12న. కొద్ది వారాల్లోనే అక్కడి ప్రభుత్వ సర్వజనాసుపత్రి రాష్ట్రస్థాయి కోవిడ్ ఆసుపత్రుల్లో ఒకటైంది. విడవలూరు, ముత్తుకూరు లాంటి తీర మండలాలకి పెద్ద దిక్కు అదే. మంచాలూ సిలిండర్లూ డబ్బు పెడితే వస్తాయి. రాత్రి రెండింటికి పీపీఈ కిట్‌లో చెమటలు కక్కుతూ ఆక్సిజన్ ఎంతుందో చూసే మనిషి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ప్రభుత్వానికి దొరికిన దారి తాత్కాలిక నియామకం. ఆరు నెలలకని తీసుకుంటారు. అవసరముంటే పొడిగిస్తారు, తీరితే పంపేస్తారు. మా సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టు పోయినా కొన్నాళ్ళు బెంచి మీద కూర్చోబెడతారు, నోటీస్ పీరియడ్ అని ఒకటి ఏడుస్తుంది. ఇక్కడ కేసులు తగ్గడమే నోటీసు. నర్సులు ఎంత బాగా చేస్తే వార్డు అంత తొందరగా ఖాళీ అవుతుంది, వాళ్ళ కొలువూ దాంతోపాటే.

ఈ ఏర్పాటు కోవిడ్‌తో పుట్టింది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో ఒక చట్టం వచ్చింది. కాంట్రాక్టు ఉద్యోగుల్ని ఎవర్ని అడిగినా 'యాక్ట్ 2 ఆఫ్ 94' అని ఠక్కున చెప్తారు. మంజూరైన పోస్టు లేకుండా, పద్ధతి పాటించకుండా రోజుకూలీ మీదో తాత్కాలికంగానో మనుషుల్ని పెట్టుకోవద్దని దాని సారాంశం. ఉద్దేశం మంచిదే. కానీ పని ఆగదు కదా, అందుకని కాంట్రాక్టు, ఆ తర్వాత ఔట్‌సోర్సింగ్ ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నాయి. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఎన్నేళ్ళు పనిచేసినా అంతమాత్రాన పర్మనెంట్ చేయమనే హక్కు రాదని తేల్చింది. పదేళ్ళు దాటినవాళ్ళకి మాత్రం కొన్ని షరతులతో ఒక్కసారికి మినహాయింపు. అప్పట్నుంచి ఆఫీసులకి సర్వీసు తెగకుండా సాగడమంటేనే భయం. గడువుకీ గడువుకీ మధ్య ఒక్కరోజు విరామం పెట్టే ఆనవాయితీ వెనక ఉన్నది ఈ భయమేనని నా అనుమానం. 2023లో ఆంధ్రప్రదేశ్ కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణకి చట్టం చేసింది. అర్హతకి గీత 2014 జూన్ 2. కోవిడ్‌లో చేరిన నర్సు ఆ గీతకి దాదాపు ఆరేళ్ళు ఇవతల ఉంది.

తెలంగాణలో ఇదే ఇంకా మొరటుగా జరిగింది. 2021 జూలైలో, రెండో వేవ్ ఇంకా పూర్తిగా చల్లారకముందే, దాదాపు 1,600 మంది నర్సుల్ని ఇక రావద్దన్నారు. రెగ్యులర్ నియామకాలు వచ్చాయన్నది కారణం. వాళ్ళు హైదరాబాద్ రోడ్ల మీద కూర్చున్నారు. ఏడాది కిందట అదే నగరం వాళ్ళ కోసం చప్పట్లు కొట్టి, పళ్ళేలు మోగించింది.

ఇది మన దరిద్రమే అనుకోనక్కర్లేదు. అమెరికాలో ట్రావెల్ నర్సులు మామూలుగా 13 వారాల ఒప్పందం మీద ఊళ్ళు మారుతుంటారు. 2020 వసంతంలో న్యూయార్క్ వాళ్ళ కోసం అల్లాడుతుంటే, మిగతా చోట్ల వాయిదా వేయదగ్గ ఆపరేషన్లు ఆగిపోయి ఎందరివో ఒప్పందాలు రద్దయ్యాయి. తేడా అల్లా వాళ్ళకి వారానికొచ్చే డబ్బు. ఆ డబ్బుతో మరో ఊరికి పోవచ్చు, మరో ఏజెన్సీని వెతుక్కోవచ్చు.

మన నర్సుకి జీతం కంటే విలువైంది మరొకటుంది, సర్వీసు సర్టిఫికెట్. ఆంధ్రప్రదేశ్‌లో తర్వాతి నియామకాల్లో కోవిడ్ సేవకి వెయిటేజీ మార్కులు కలిపారు, గరిష్ఠంగా 15. ఒకటి రెండు మార్కుల్లో మెరిట్ లిస్టు తారుమారయ్యే చోట అది కొండంత. అయితే ఆరు నెలలు నిండితేనే లెక్క, అంతకు తక్కువైతే సున్నా. అటు కేంద్రం 2021 మే 3న, కోవిడ్ డ్యూటీ 100 రోజులు చేసినవాళ్ళకి రెగ్యులర్ నియామకాల్లో ప్రాధాన్యం ఇస్తామంది. నాలుగో నెలలోనో ఐదో నెలలోనో ఇంటికి పంపిన నర్సు ఢిల్లీ లెక్కలో యోధురాలు. నెల్లూరు మెరిట్ లిస్టులో మాత్రం ఆమె ఆ వార్డులో అడుగే పెట్టలేదు.